ఎండలో ఆపితే మళ్లీ అందుకోని 1998 మారుతి 800: ఎక్కడ వెతకాలి?

కందుకూరు_800 | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాన్న 1998లో కొన్న మారుతి 800 మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు ఇచ్చేది) ఉన్న బండి, 796 సీసీ. 2023లో మూడోసారి ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించాను. నాన్న లేరు. అమ్ముకోవాలన్న ఆలోచన నాకు లేదు.

సమస్య ఇది. పొద్దున్నే తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఎంత దూరం నడిపినా దారిలో ఎక్కడా ఆగదు. కానీ ఎండలో ముప్పై కిలోమీటర్లు నడిపి, ఆపి, ఓ పావుగంట తర్వాత మళ్లీ తీద్దామంటే ఇంజన్ అందుకోదు. ముప్పావుగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఆపిన రెండు నిమిషాల్లోపు కొడితే మాత్రం ఇబ్బంది లేదు. జనవరిలో, ఫిబ్రవరిలో ఒక్కసారి కూడా ఇలా కాలేదు. ఉగాది దాటాక మొదలైంది. ఇప్పుడు కత్తిరి వచ్చాక ప్రతిసారీ ఇదే.

ఇవాళ అమ్మను మాలకొండకు తీసుకెళ్లాను. అక్కడ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కదా, విపరీతమైన జనం. దర్శనం చేసుకుని కిందికి వచ్చాం. వలేటివారిపాలెంలో కొబ్బరి నీళ్లకని ఆపాను. అంతే, అక్కడే నిలబడిపోయింది. అమ్మకు షుగర్ ఉంది, మధ్యాహ్నం ఒంటిగంట, తారు రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండ. కొబ్బరి బోండాల అతను తన గొడుగు కింద కూర్చోబెట్టాడు. యాభై నిమిషాల తర్వాత బండి కదిలింది. నాకు ఆ టెన్షన్ ఇంకా తగ్గలేదు.

ఇప్పటికే కొత్త బ్యాటరీ, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ కొత్తది, ప్లగ్గులు వేయించాను. ఒక మెకానిక్ బ్యాటరీ అన్నాడు, ఇంకొకతను కాయిల్ అన్నాడు. ఇప్పుడు కార్బొరేటరే మార్చేద్దామంటున్నారు. ఇంకా డబ్బు పెట్టే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది.

సింగరాయకొండ_సముద్రం | శనివారం, రాత్రి 9:48

తమ్ముడూ, ఇది పెట్రోల్ లైన్‌లో ఆవిరి పట్టడమే. మా నాన్న అంబాసిడర్ నడిపే రోజుల్లో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ పంపు మీద తడిగుడ్డ చుట్టి ఉంచేవాడు. ప్రతి డ్రైవర్ దగ్గరా ఓ నీళ్ల క్యాను, ఓ పాత పంచె ముక్క ఉండేవి. నువ్వూ అదే చెయ్.

కొత్తవాళ్లకు ఒక మాట. ఏసీ పంపు అంటే చల్లగాలి ఏసీ కాదు. ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బొరేటర్‌కు ఇచ్చే పంపును మన మెకానిక్‌లు అలా పిలుస్తారు.

ఆటోనగర్_నెల్లూరు | శనివారం, రాత్రి 10:31

నేను ఇరవై ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. సింగరాయకొండ అన్న చెప్పింది నిజమే కావచ్చు. కానీ కాయిల్ వేడికి చచ్చిపోయినా లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. కాబట్టి ముందు మీరు ఈ మూడింటికి జవాబు చెప్పండి.

బండి మొండికేసినప్పుడు సెల్ఫ్ ఎట్టా తిరుగుతోంది? పొద్దున తిరిగినంత చురుగ్గా తిరుగుతోందా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా, టక్‌మని ఊరుకుంటోందా? బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన గుప్పుమంటోందా? యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఏమైనా తేడా ఉందా?

కందుకూరు_800 | శనివారం, రాత్రి 10:55

అన్నా, సెల్ఫ్ బాగా తిరుగుతోంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా లేదు. పెట్రోలు వాసన ప్రత్యేకంగా ఏమీ రాలేదు. యాక్సిలరేటర్ తొక్కిపట్టీ చూశాను, వదిలీ చూశాను, చోక్ లాగీ చూశాను. దేనికీ అందుకోలేదు. చివర్లో ఒకటి రెండు సార్లు టప్ టప్ మని, తర్వాత నెమ్మదిగా అందుకుంది.

ఆటోనగర్_నెల్లూరు | ఆదివారం, ఉదయం 6:40

రాత్రే రాద్దామనుకున్నా, నిద్ర ముంచుకొచ్చింది. కాస్త వివరంగా చెప్తాను. ఎండాకాలంలో నా దగ్గరికి ఇట్టాంటి బళ్లు చాలా వస్తాయి. వాటిలో ఎక్కువ వాటికి అప్పటికే అవసరం లేని సామాను వేసేసి ఉంటారు. నాకు బాధ కలిగేది అక్కడే.

పెట్రోల్ ఇంజన్ అందుకోవాలంటే సెల్ఫ్ తగినంత వేగంగా తిప్పాలి, సరైన సమయానికి ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి, సరిపడా పెట్రోలూ గాలీ కలిసి అందాలి. మీ సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందంటే మొదటి దాని మీద అనుమానం అక్కర్లేదు. అంటే ఆ కొత్త బ్యాటరీ వేయకపోయినా సరిపోయేది. ఇక మిగిలింది కరెంటు, పెట్రోలు.

ఆపిన వెంటనే బాగుండి, పావుగంటకు మొండికేసి, ముప్పావుగంటకు మామూలు కావడం ఎందుకంటే, ఇంజన్ తిరిగేటప్పుడు నీళ్లు తిరుగుతుంటాయి, ఫ్యాను తిరుగుతుంటుంది, బానెట్ కింద గాలి ఆడుతుంటుంది. లైన్‌లో చల్లటి పెట్రోలు ఎప్పటికప్పుడు వస్తూ ఉంటుంది. ఇంజన్ ఆపగానే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇంజన్‌లో ఉన్న వేడి మాత్రం అక్కడే ఉంటుంది కదా. అది మెల్లగా పైకెక్కి కార్బొరేటర్‌కు, పంపుకు, కాయిల్‌కు, ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు పడుతుంది. ఆపిన పది నుంచి ముప్పై నిమిషాల మధ్య బానెట్ కింద వేడి బండి నడుస్తున్నప్పటికంటే ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలో ఏ భాగం బలహీనంగా ఉంటే అది పడిపోతుంది.

పెట్రోలు ఒకే వేడి దగ్గర మరిగే నీళ్లలాంటిది కాదు. అది చాలా ద్రవాల కలయిక. తేలికైనవి నలభై డిగ్రీల లోపే ఆవిరి కావడం మొదలుపెడతాయి. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ ఆవిరిని లాగలేదు. అందుకే లైన్‌లో ఆవిరి నిండితే పంపు ఎంత కొట్టుకున్నా కార్బొరేటర్‌కు చుక్క అందదు.

కానీ కాయిల్‌కైనా, డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌కైనా ఇదే జరగొచ్చు. లోపలి తీగలో సన్నటి పగులు ఉంటే వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. బండి స్టార్ట్ అయ్యాక దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి అంతా బాగానే కనిపిస్తుంది, అతను ఊహ మీద సామాను మారుస్తాడు.

కాబట్టి బండి మొండికేసి ఉన్న ఆ పావుగంటలోనే పరీక్ష చేయాలి. ఇంటి దగ్గరే చేయండి. మధ్యాహ్నం ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఆపి, పావుగంట ఆగండి. బండి మొండికేశాక ముందు కరెంటు చూడండి. ఒక ప్లగ్ వైరు పీకి, దానికి విడిగా ఉన్న ఇంకో ప్లగ్గు తగిలించండి. ఆ ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టపటపమని గట్టిగా రవ్వ పడితే కరెంటు బాగున్నట్టు. ఎర్రగా, సన్నగా ఉన్నా, అసలు లేకపోయినా దోషం అటువైపే. వైరు ఉత్తినే గాల్లో వదిలి సెల్ఫ్ కొట్టొద్దు, మాడ్యూల్ పోయే ప్రమాదం ఉంది.

తర్వాత వైరు మళ్లీ తగిలించి, ఇంజన్ ఆపి ఉండగా ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో ఒక్కసారి లాగండి. సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టు. చిమ్మకపోతే గిన్నె ఎండిపోయిందన్నమాట.

కరెంటు పరీక్ష అయ్యాకే పెట్రోలు పరీక్ష. రెండూ కలిపి చేయొద్దు. ఎక్కడైనా పెట్రోలు కారుతున్నట్టు కనిపిస్తే రవ్వ పరీక్ష జోలికే పోవద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. సిగరెట్ కాల్చేవాళ్లు పక్కన లేకుండా చూసుకోండి.

పొదిలి_టీచర్ | ఆదివారం, ఉదయం 8:15

మాస్టారూ, మీరు మొదట అడిగిన ప్రశ్న చూసి రాస్తున్నాను. నాది పాత ఆల్టో. పొదిలి నుంచి బడికి రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఒంటిపూట బడి అయ్యాక పన్నెండున్నరకి తీద్దామంటే సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది. రెండు రోజులు తోయించాల్సి వచ్చింది. ఇది కూడా పెట్రోలు ఆవిరేనా? బ్యాటరీకి రెండేళ్లు దాటాయి.

కావలి_వైరింగ్ | ఆదివారం, ఉదయం 9:02

మేడం, మీది అది కాదు. సెల్ఫే సరిగ్గా తిరగట్లేదంటే పెట్రోలు దాకా పోనక్కర్లేదు. నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని, ఇది నా పని కాబట్టి చెప్తున్నాను.

ముందు బ్యాటరీ మూతలు తీసి నీళ్లు చూడండి. మన వైపు ఎండకు ద్రవం త్వరగా తగ్గిపోతుంది. పలకలు పైకి తేలి ఉంటే డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, మీ పొదిలి వైపు నీళ్లలో ఉప్పూ ఫ్లోరైడూ ఎంత ఉంటాయో మీకు తెలియంది కాదు. మీది మూతల్లేని సీల్డ్ బ్యాటరీ అయితే ఈ పని ఉండదు.

తర్వాత మూడు నాలుగు వందలకు దొరికే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 చూపిస్తే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టు.

ఇవన్నీ బాగున్నా వేడి మీద సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే వైర్లు చూడాలి. రాగి తీగకు వేడెక్కే కొద్దీ అడ్డు పెరుగుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర ఉన్నదానికి వంద డిగ్రీల దగ్గర దాదాపు ముప్పై శాతం ఎక్కువవుతుంది. సెల్ఫ్ మోటార్ లోపల ఉండేదీ రాగి చుట్టలే. కొత్త బండి ఆ తేడాను తట్టుకుంటుంది. పాత బండికి అప్పటికే టెర్మినల్ దగ్గర తెల్లటి పూత పట్టి, ఎర్త్ వైరు సగం తుప్పు పట్టి ఉంటే ఆ కాస్త తేడాతోనే పడిపోతుంది.

మీటర్ ఒక ముల్లును బ్యాటరీ మైనస్ కంబం మీద, రెండోదాన్ని ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టుల లోపు చూపించాలి. అర వోల్టుకు పైన చూపిస్తే ఎర్త్ వైరు మార్చేయండి. బ్యాటరీ కంటే చాలా తక్కువలో పోతుంది. కంబాన్నే ముట్టించాలి, పైన ఉన్న క్లాంపును కాదు. క్లాంపుకీ కంబానికీ మధ్య దోషం ఉంటే అప్పుడే బయటపడుతుంది.

టక్‌మని ఒక్క శబ్దం చేసి ఊరుకునే బళ్ల గురించి కూడా చెప్తాను. పాత ఓమ్నీలు, 800లు నా దగ్గరికి ఇలా చాలా వస్తాయి. తాళం స్విచ్ లోపల పాయింట్లు అరిగిపోయి, సొలినాయిడ్‌కు (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్‌కు) వెళ్లే సన్న వైరులో వోల్టేజి తగ్గిపోతుంది. వేడికి సొలినాయిడ్ చుట్టకు కూడా అడ్డు పెరిగేసరికి అది లాగలేదు. అందరూ సెల్ఫ్ మోటార్ విప్పి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మారుస్తారు. అవి అరిగితే మార్చాల్సిందే. కానీ ముందు బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో ఒక రిలే వేసి, తాళం చేత ఆ రిలేను మాత్రం పని చేయించి చూడండి. నేను వేసిన వాటిలో చాలా బళ్లు మళ్లీ ఆ ఫిర్యాదుతో రాలేదు.

బుచ్చి_వరిపొలం | ఆదివారం, మధ్యాహ్నం 2:10

అయ్యా, ఇన్ని పరీక్షలెందుకు? కారణం పెట్రోలే. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన దగ్గర్నుంచి పాత బళ్లకు ఈ తిప్పలు. నా పాత జెన్‌కు కూడా రబ్బరు పైపులు ఉబ్బిపోయి పెట్రోలు కారింది. రైతుకు మేలు జరుగుతుందంటే నేనూ సంతోషించినవాణ్ణే, నాకూ చెరకు ఉండేది. కానీ ఇంట్లో ఉన్న పాత బండి సంగతి ఎవరు చూస్తారు?

ఆటోనగర్_నెల్లూరు | ఆదివారం, రాత్రి 8:47

బుచ్చి అన్నా, మీ బాధలో న్యాయం ఉంది. 2023 ఫిబ్రవరిలో ఈ-20 పెట్రోలు మొదలైంది, ఇప్పుడు దాదాపు ప్రతి బంకులో అదే. ఆ పెట్రోలుకు తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ సామాను 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లకు వచ్చింది. 1998 బండి పైపులు ఆ లెక్కతో చేసినవి కావు. పైగా ఇథనాల్ కొద్ది పాళ్లలో కలిస్తే పెట్రోలు ఇంకా సులభంగా ఆవిరవుతుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో అడుగున పట్టిన మష్టును కదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. ఇవన్నీ నేను చేతులతో చూసినవే.

అయినా ఒక్క మాట. మా వీధిలోనే ఇంకో రెండు కార్బొరేటర్ 800లు ఉన్నాయి. అదే ఈ-20 పెట్రోలు, ఇదే ఎండ. అవి అందుకుంటున్నాయి. పెట్రోలు ఎట్టా మారినా ఈ బండిలో అదనంగా ఏదో లోపం ఉండబట్టే ఇది ఒక్కటే ఆగుతోంది. మనం మార్చగలిగింది ఆ లోపాన్నే. మీ జెన్ పైపులు మాత్రం వెంటనే మార్పించండి, పెట్రోలు కారడం ప్రాణం మీదికి వచ్చే విషయం.

కందుకూరు_800 | మంగళవారం, సాయంత్రం 5:30

ఇవాళ సెలవు పెట్టి పరీక్ష చేశాను. కందుకూరు నుంచి సింగరాయకొండ దాకా వెళ్లి వచ్చాను. ఒంటిగంటన్నరకి ఇంటి ముందు ఆపాను. సరిగ్గా పదిహేను నిమిషాలు ఆగి కొడితే, అనుకున్నట్టే అందుకోలేదు.

మా బావమరిదిని సెల్ఫ్ కొట్టమని ప్లగ్గు ఆనించి చూశాను. రవ్వ నీలంగా, గట్టిగా పడింది. ఎండలో కనిపించదేమోనని బానెట్ మీద దుప్పటి కప్పి మరీ చూశాను. మూడు ప్లగ్ వైర్లకూ అంతే. తర్వాత ఫిల్టర్ మూత తీసి లివర్ లాగాను. ఒక్క చుక్క రాలేదు. మళ్లీ లాగినా రాలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇదే పరీక్ష చేస్తే ధార చక్కగా చిమ్మింది.

అప్పుడు సింగరాయకొండ అన్న చెప్పినట్టు పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టి కొద్దికొద్దిగా నీళ్లు పోశాను. ఎనిమిది నిమిషాలకు అందుకుంది. పెట్రోల్ ఫిల్టర్‌లో కూడా పెట్రోలు సగమే కనిపిస్తోంది. అంటే ఫిల్టర్ మూసుకుపోయిందా?

సింగరాయకొండ_సముద్రం | మంగళవారం, సాయంత్రం 6:05

చూశావా తమ్ముడూ! ఇక ఆలోచించొద్దు, పంపు మార్చేయ్. లోపల పొర మెత్తబడిపోయి ఉంటుంది.

ఆటోనగర్_నెల్లూరు | మంగళవారం, రాత్రి 9:15

పరీక్ష బాగా చేశారు. ఇప్పుడు కాయిల్, మాడ్యూల్, ప్లగ్గులు అన్నీ పక్కకు పోయాయి. గిన్నె ఎండిపోతోంది, మళ్లీ నిండట్లేదు. ఫిల్టర్‌లో సగమే ఉండటం చూసి కంగారు పడొద్దు, మంచి బండిలో కూడా అట్టాగే ఉంటుంది.

పంపు అప్పుడే మార్చొద్దు. పంపు పొర పోతే నూరు కిలోమీటర్ల వేగంలో బండి గుంజుతుంది, దారిలో ఆగుతుంది. మీ బండి దారిలో ఎక్కడా ఆగలేదు. కాబట్టి ఆపిన తర్వాత అంత ఆవిరి ఎందుకు పేరుకుంటోంది, పేరుకున్నా బయటికి ఎందుకు పోవట్లేదు అన్నది చూడాలి.

ఇంజన్ చల్లారాక పంపుకు మొత్తం ఎన్ని గొట్టాలు ఉన్నాయో, అవి ఎక్కడికి పోతున్నాయో చూసి చెప్పండి. పైపు ఎక్కడైనా ఇంజన్‌కు, సైలెన్సర్ మానిఫోల్డ్‌కు (ఇంజన్‌లోంచి పొగ బయటికి పోయే గొట్టాలకు) ఆనుకుని ఉందేమో చూడండి. కార్బొరేటర్ కింద, పెట్రోలు-గాలిని ఇంజన్‌లోకి తీసుకెళ్లే మానిఫోల్డ్‌కూ దానికీ మధ్య మందపాటి నల్లటి దిమ్మ ఉంటుంది. వేడి పైకి రాకుండా ఆపేది అదే. అది ఉందా, లేక ఎవరైనా తీసేసి ఉత్త కాగితం గ్యాస్కెట్ వేశారా?

కందుకూరు_800 | బుధవారం, ఉదయం 7:10

అన్నా, నల్లటి దిమ్మ ఉంది. పైపు దేనికీ ఆనుకోలేదు. పంపుకు మూడు గొట్టాలు ఉన్నాయి. ఒకటి ఫిల్టర్ వైపు నుంచి వస్తోంది, ఒకటి కార్బొరేటర్‌కు పోతోంది. మూడోదానికి రెండంగుళాల రబ్బరు ముక్క తొడిగి, దాని కొనలో ఒక బోల్టు దూర్చి క్లిప్ బిగించి ఉంది. ఇది మామూలేనా?

ఆటోనగర్_నెల్లూరు | బుధవారం, ఉదయం 7:22

దొరికింది. అది మామూలు కాదు.

ఆ మూడో గొట్టం రిటర్న్ పైపు. పంపు ఎప్పుడూ కార్బొరేటర్‌కు కావలసిన దానికంటే ఎక్కువే లాగుతుంది. మిగిలింది ఆ గొట్టంలోంచి తిరిగి ట్యాంకుకు పోతుంది. దానివల్ల రెండు మేళ్లు. పంపులో పెట్రోలు నిలవకుండా చల్లటిది వస్తూ ఉంటుంది. రెండోది, ఆవిరి పుడితే అది కార్బొరేటర్ వైపు ఒత్తకుండా ట్యాంకుకు దారి దొరుకుతుంది. బోల్టు పెట్టి మూస్తే ఆ దారి పోయింది. ఆవిరి పంపులోనే చిక్కుకుంటుంది, చల్లారేదాకా మీరు సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. చలికాలంలో ఆవిరి పుట్టదు కాబట్టి లోపం కనిపించలేదు.

ఎవరో రిటర్న్ పైపు కారుతోందనో, ట్యాంకు వైపు మూసుకుపోయిందనో అప్పటికి పని జరగాలని అట్టా చేసి ఉంటారు. ఈమధ్య పెట్రోలు పనేదైనా చేయించారా?

కందుకూరు_800 | బుధవారం, ఉదయం 7:40

అవునన్నా! పోయిన దీపావళి ముందు వెనక చక్రం దగ్గర పెట్రోలు వాసన వస్తోందని ఊళ్లో ఒక షెడ్డులో చూపించాను. పైపు సరిచేశామని పంపించారు. ఆ తర్వాత చలికాలం వచ్చింది కదా, నాకు ఈ రెండింటికీ సంబంధం తట్టనే లేదు.

ఆటోనగర్_నెల్లూరు | బుధవారం, రాత్రి 8:30

అయితే ట్యాంకు దగ్గర రిటర్న్ రబ్బరు చీలి ఉంటుంది. ముందు అక్కడ చూడకుండా బోల్టు తీసేసి పైపు కలపొద్దు, పెట్రోలు కిందికి కారుతుంది. ట్యాంకు దగ్గర రబ్బరు కొత్తది వేయించండి. బండి కింద పోయే ఇనుప పైపును రెండు చివరలా విప్పి గాలి కొట్టించండి, అవతల ధారాళంగా రావాలి. తుప్పుతో మూసుకుపోయి ఉంటే ఆ పైపు మార్చాల్సిందే. తర్వాత ముందు వైపు కలపండి. రబ్బరు పైపు మీద పెట్రోలుకు పనికొచ్చేదని రాసి ఉండాలి. నీళ్ల పైపు, గ్యాస్ స్టవ్ పైపు కోసి వేసేవాళ్లున్నారు, నెల తిరక్కుండా మెత్తబడి చీలుతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పాత రబ్బరు ముక్కలన్నీ ఈసారే మార్పించండి. లాగే వైపు సన్నటి పగులున్నా బయటికి కారదు కానీ గాలి పీలుస్తుంది.

తయారీ 2014 జనవరిలో ఆగినా 800 సామాను నెల్లూరు, ఒంగోలు షాపుల్లో ఇంకా దొరుకుతోంది. పైపు కోసం బండి మూలన పెట్టాల్సిన పనేమీ లేదు.

ఇంకో సంగతి. దారిలో మళ్లీ ఇట్టా ఆగితే తడిగుడ్డ పంపు మీద, పెట్రోలు పైపు మీద మాత్రమే వేయండి. కాలిపోతున్న మానిఫోల్డ్ మీద, ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే ఇనుము పగులుతుంది.

దర్శి_శాంత్రో | గురువారం, ఉదయం 10:12

చదువుతున్న మిగతావాళ్ల కోసం. నాది కార్బొరేటర్ కాదు, ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ శాంత్రో. నాకూ ఇలాగే వేడి మీద సెల్ఫ్ తిరిగేది, అందుకునేది కాదు. దానిలో పెట్రోలు లైన్ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి ఆవిరి పట్టడం అరుదు. నాకు చివరికి తేలింది క్రాంక్ సెన్సర్, అంటే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టి సిగ్నల్ ఇచ్చేది. వేడికి సిగ్నల్ ఆగిపోయేది, అప్పుడు రవ్వా ఉండదు, ఇంజెక్టరూ తెరుచుకోదు. సెన్సర్ మీద నీళ్లు చిలకరించగానే అందుకునేసరికి అనుమానం తీరింది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా కదలకపోతే చాలా బళ్లలో అదొక సూచన.

తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి, మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేసి, అప్పుడు కొడితే స్టార్ట్ అవుతోందంటే మాత్రం ట్యాంకులోని పంపు ఒత్తిడిని నిలపట్లేదని మా మెకానిక్ చెప్పారు.

పొదిలి_టీచర్ | శుక్రవారం, సాయంత్రం 4:50

కావలి వైరింగ్ గారూ, మీరు చెప్పినట్టే మీటర్ కొని మా అబ్బాయితో కలిసి చూశాను. బ్యాటరీ 12.5 చూపించింది. ఎర్త్ వైపు సెల్ఫ్ కొట్టేటప్పుడు 1.1 వోల్టులు! వైరు విప్పితే గేర్ బాక్సు దగ్గర బోల్టు కింద అంతా పచ్చటి తుప్పు. కొత్త వైరు వేసి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించాం. ఇప్పుడు 0.15 చూపిస్తోంది. ఇవాళ పన్నెండున్నరకి మొదటి దెబ్బకే స్టార్ట్ అయింది. షాపులో నాకు కొత్త బ్యాటరీ అమ్మబోయారు. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

కావలి_వైరింగ్ | శుక్రవారం, సాయంత్రం 6:20

చాలా సంతోషం మేడం. ఆ బోల్టు మీద కాస్త గ్రీజు పూయండి, వానాకాలంలో మళ్లీ తుప్పు పట్టకుండా ఉంటుంది.

కందుకూరు_800 | శనివారం, రాత్రి 8:05

అన్నా, గురువారం పని చేయించాను. మీరన్నట్టే ట్యాంకు దగ్గర రిటర్న్ రబ్బరు నిలువునా చీలి ఉంది. ఇనుప పైపులో కొంచెం తుప్పు పొడి వచ్చింది కానీ గాలి బాగానే ఆడింది. రబ్బరు ముక్కలన్నీ మార్పించి, కొత్త ఫిల్టర్ వేయించాను. సామాను, కూలి కలిపి ఎనిమిది వందల యాభై అయింది. అనవసరంగా వేసిన బ్యాటరీ, కాయిల్ లెక్క వేరే.

ఇవాళ అమ్మను మళ్లీ మాలకొండకు తీసుకెళ్లాను. వద్దంటే వినలేదు, మొక్కు ఉందంది. వచ్చేటప్పుడు కావాలనే వలేటివారిపాలెంలో అదే కొబ్బరి బోండాల అతని దగ్గర ఆపాను. ఒంటిగంట ఇరవై, పోయిన వారం కంటే ఎండ ఎక్కువ. ఫోన్‌లో టైము పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాం. తాళం తిప్పితే రెండు మూడు సెకన్లు ఎక్కువ తిరిగింది కానీ అందుకుంది. తర్వాత కందుకూరు పామూరు బస్టాండ్ దగ్గర పావుగంట ఆపి చూశాను, అక్కడా అందుకుంది.

ఆ రెండు మూడు సెకన్లు కూడా చూడాల్సిన విషయమేనా?

ఆటోనగర్_నెల్లూరు | శనివారం, రాత్రి 9:40

అక్కర్లేదు. ఈ ఎండలకు కార్బొరేటర్ బండి ఆ మాత్రం తిరుగుతుంది. ఆపిన చోట నీడ ఉంటే చూసుకోండి, దిగగానే ఓ ఐదు నిమిషాలు బానెట్ ఎత్తి ఉంచండి. పది సెకన్లు దాటి తిరిగితే అప్పుడు రాయండి. ఆ పాత కాయిల్ పారేయలేదు కదా? బాగున్నదే, డిక్కీలో పెట్టుకోండి.